ఆరింటి సంతకాలు

మా ఆరింటి సంఘంలో అయిదుగురం ఉండేవాళ్ళం. అయిదుగురమూ నవలా రచయితలమని చెప్పుకునేవాళ్ళం గానీ, నవల పూర్తిచేసిన పాపాన పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. పూర్తిచేయడం వేరు, క్రమశిక్షణ వేరు అని మా పెద్దాయన ఏనాడో తేల్చి చెప్పేశాడు. ఆయన పదకొండేళ్ళుగా ఒకే నవల రాస్తున్నాడు. అందులో కథానాయకుడు మొదటి ప్రకరణంలో రైలెక్కాడు, ఇంకా దిగలేదు.

ఆయన్ని మేము గడియారం అనేవాళ్ళం, చాటుగానే లెండి. ఎదురుగా అంటే కోప్పడతాడని కాదు, మురిసిపోతాడని భయం. కార్ఖానాలో ముప్పయ్యేళ్ళు హాజరు పట్టీ రాసిన మనిషి ఆయన. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో గేటు దగ్గర కూర్చుని రాసుకోవడమే ఉద్యోగం. రిటైరయ్యాక ఆలస్యంగా వచ్చే కూలీలు దొరక్క చెయ్యి దురద పుట్టి, రచయితల్ని పట్టుకున్నాడు. రచయితలు దొరకడం ఎంతసేపు? రాయాలని ఉంది, రాయడం లేదు అనేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. ఆ పదిమందిలో ఒకదాన్ని నేను.

పద్ధతి చాలా సులువు. పాత రీడింగ్ రూమ్ పై అంతస్తులో పొద్దున్న ఆరింటికి చేరాలి. ఏడింటిదాకా నోరెత్తకుండా ఒక పేజీ రాయాలి. పేజీ మీద తేదీ వెయ్యాలి. ముందు రిజిస్టర్లో సంతకం పెట్టాలి. రిజిస్టర్ అంటే ఆషామాషీ పుస్తకం కాదు. గట్టి అట్ట, రోజుకో పేజీ, పేజీకి అయిదు గళ్ళు, పక్కన వచ్చిన టైము. జ్వరమొచ్చినా రావాలి, చుట్టాలొచ్చినా రావాలి. రోజులు తెగకుండా వస్తే దాన్ని గొలుసు అంటారు. నెల మొదటి తేదీన గడియారం అందరి గొలుసులూ పైకి చదివేవాడు. నాది రెండొందల పన్నెండు. పళ్ళ డాక్టరమ్మది నూట యాభై. డ్రిల్లు మాస్టారిది మూడొందలు. డ్రైవింగ్ నేర్పే ఆయనది ఎనభై. గడియారానిది వెయ్యిన్నూట నలభై. అది చదివేటప్పుడు ఆయన గొంతు వణికేది.

ఏం రాశారని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. డ్రిల్లు మాస్టారు నెలరోజులపాటు "ఇవాళ నాకేమీ తోచడం లేదు" అన్న దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి పేజీ నింపాడు. డాక్టరమ్మ పాత్రలకు పేర్లు పెట్టడంలోనే రెండు నోటుపుస్తకాలు చేసింది. నేనేమన్నా తక్కువ తిన్నానా? సూర్యోదయం మీద నలభై పేజీలు రాశాను. మా కిటికీ పడమటి వైపుంది. అయినా రాశాను. "పొద్దున్నే లేచి అంత దూరం వెళ్ళి సూర్యుణ్ణి ఊహించుకోవడం ఎందుకే, మన డాబా మీదికెళితే అసలుదే కనబడుతుంది కదా" అని మా ఆయన అడిగితే, రచన గురించి నీకేం తెలుసు అని కసిరాను.

ఇంక తలుపు సంగతి. ఆ కట్టడానికి వీధి తలుపు ఒకటి, పైన గదికి ఒకటి. రెండు తాళాలూ ఒకావిడ దగ్గర ఉండేవి. అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. మెట్ల వెనక ఉన్న చిన్న గదిలో ఉండేది. తొమ్మిదేళ్ళుగా పగలూ రాత్రీ ఆ కట్టడానికి ఆమే కాపలా. అయిదూ ముప్పావుకల్లా రెండు తలుపులూ తీసి, బల్ల తుడిచి, కిటికీ రెక్క కింద చెక్కముక్క పెట్టి, లైటు వేసి, కిందికి దిగి తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. మేము లోపలికి వస్తుంటే లేచి నిలబడేది. మేము తల ఊపేవాళ్ళం. గొలుసుల పట్టీలో ఆమె పేరు లేదు, ఆమె రచయిత కాదు గనక.

ఒక బుధవారం తెల్లవారుజామున వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. అయిదింటికి అలారం మోగింది. ఫోనును దిండు కింద కుక్కి, దుప్పటి ముసుగు పెట్టాను. "ఏమే, ఇవాళ సాహిత్యానికి సెలవా?" అన్నాడు మా ఆయన. "ఈ వానలో ఎవడొస్తాడు?" అన్నాను. ఏడున్నరదాకా ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. అబద్ధమెందుకు, రెండొందల పన్నెండు రోజుల్లో నేను సుఖపడిన పొద్దు అదొక్కటే.

మెలకువ వచ్చాక గుర్తొచ్చింది. గొలుసు తెగింది! ఏడు నెలలు! ఆ రోజంతా కళ్ళజోళ్ళ షాపులో పిచ్చిదానిలా పనిచేశాను. అద్దాలు బిగించడం నా పని. చీమ తలంత స్క్రూలు మూడు కింద పడేసుకున్నాను. ఒకావిడకు వాళ్ళాయన కళ్ళజోడు పెట్టి పంపేశాను.

మర్నాడు పావుగంట ముందే వెళ్ళాను. నాకంటే ముందే గడియారం వచ్చి కూర్చున్నాడు. రిజిస్టర్ తెరిచి ఉంది. బుధవారం పేజీలో మొదటి గడిలో ఆయన సంతకం, పక్కన అయిదూ యాభై ఎనిమిది. మిగతా నాలుగు గళ్ళూ ఖాళీ. చూసి నాకు ప్రాణం చచ్చిపోయింది. అంత వానలో, ఆ వయసులో, ఆయనొక్కడే వచ్చి కూర్చున్నాడా! మనిషి నన్నేమీ అడగలేదు. తల వంచుకుని రాసుకుంటున్నాడు. అడగకపోవడం ఆయన పెద్దమనసు అనుకున్నాను. ఇంతలో ఆయన లేచి కిటికీ వైపు తిరిగి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను గబగబా బుధవారం రెండో గడిలో సంతకం గీకి, ఆరూ నాలుగు అని టైము వేశాను.

తరవాత డ్రిల్లు మాస్టారు వచ్చాడు. రిజిస్టర్ చూశాడు, నన్ను చూశాడు, దగ్గాడు. "నిన్న భలే వాన కదండీ" అన్నాడు. "అవును మాస్టారూ, తడిసి ముద్దయ్యాం" అన్నాను. "నేనూ అంతే" అంటూ మూడో గడి నింపాడు. డాక్టరమ్మా, డ్రైవింగాయనా వచ్చి చెరో గడీ పూర్తిచేశారు. తేలు కుట్టిన దొంగల్లా నలుగురమూ కిక్కురుమనకుండా కూర్చున్నాం.

సంతకం పెడితే సరిపోదు కదా, బుధవారానికి పేజీ కూడా ఉండాలి. అందుకని గురువారం కూర్చుని బుధవారం రాశాను. చూడని వాన కదా, చెయ్యి అడ్డూ ఆపూ లేకుండా సాగింది. ఇదీ నేను రాసింది:

"వాన లోకాన్నంతటినీ ఇంట్లో కూర్చోబెట్టింది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు పక్కన కుర్చీ ఖాళీ. కాపలా మనిషి కూడా వానకు లొంగిపోయింది. నా గొడుగు నీళ్ళు మెట్టు మెట్టుకీ కారుతున్నాయి. పైన మాత్రం లైటు వెలుగుతోంది. లోకం సెలవు పెట్టింది, మేము పెట్టలేదు."

కుర్చీ ఎందుకు ఖాళీ చేశానంటే, బాగుందని. అంతే. కుర్చీలో మనిషి ఉంటే మా గొప్పతనం ఏముంది? ఆమె కూడా వచ్చినట్టే కదా. ఆమెను లేపేస్తే మేము పెరుగుతాం. ఇంత ఆలోచించి రాశానని కాదు గానీ, చెయ్యి దానంతటది ఆ పని చేసింది. రెండొందల రోజుల సాధనతో నా చేతికి అబ్బిన విద్య ఇదే.

శనివారం గడియారం, ఎన్నడూ లేనిది, అందరి పేజీలూ అడిగి చూసి, నాది తీసి, కింద మెట్ల దగ్గర నోటీసు బోర్డుకు గుచ్చాడు. పైన "ఈ వారం పేజీ" అని ఎర్ర అక్షరాలు. "క్రమశిక్షణ అంటే ఇదమ్మా" అన్నాడు. నేల మీద కాలు నిలవలేదు నాకు. ఫోటో తీసి మా ఆయనకు పంపాను. అక్కచెల్లెళ్ళకు పంపాను. ఎప్పుడో చిన్నప్పుడు నా వ్యాసం చింపేసిన టీచరమ్మ నంబరు దొరికితే ఆమెకు కూడా పంపేదాన్ని.

ఇదంతా ఇలా ఉండగా కింద ఏం జరిగిందో మాకెవరికీ పట్టలేదు, గురువారం మెట్ల మీద పేర్చిన కట్టల్ని దాటుకుంటూ పైకెళ్ళి కూడా. కింద వెనకవైపు సామాను గది ఉంది. నలభయ్యేళ్ళ పాత పత్రికలు బైండు చేసి అందులో పెట్టారు. ఆ బుధవారం పెరటి కాలవ పొంగి నీళ్ళు గదిలోకి వచ్చాయి. సగానికి పైగా కట్టలు నాని ఉబ్బిపోయాయి. రీడింగ్ రూమ్ సెక్రటరీ వచ్చి చూసి నెత్తి బాదుకున్నాడు. కాలవ పూడిక తీయించండి బాబూ అని తాళాలక్క ఆయనకు అంతకుముందు మూడుసార్లు చెప్పిందట. ఆ మాట ఇప్పుడు బయటికొస్తే ఆయనకు ముప్పు. సభ్యులకు చెప్పడానికి ఆయనకొక తప్పు కావాలి, తనది కాని తప్పు. అలా ఆలోచిస్తూ మెట్ల దగ్గర నిలబడి నోటీసు బోర్డు చదివాడు.

తరవాతి శుక్రవారం మధ్యాహ్నం తాళాలక్క మా షాపుకొచ్చింది. ఆమె కళ్ళజోడు నేనే బిగించిచ్చాను. స్క్రూ వదులైందేమో అనుకుని చెయ్యి చాపాను.

"కళ్ళజోడు బాగానే ఉందమ్మా" అంది. "దాంతోనే మీ కాగితం చదివాను. ఒక్క మాట అడుగుదామని వచ్చాను. నా కుర్చీ ఖాళీగా ఉందని రాశారు. మీరెప్పుడు చూశారు?"

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"సెక్రటరీ బాబు ఆ కాగితం చూపించి, ఆ పొద్దు నువ్వు లేవంట, ఇంత నష్టం నీ వల్లేనంటున్నారు. ఆదివారం మీటింగ్ పెట్టారు. పనిలోంచి తీసేసి గది ఖాళీ చేయిస్తారంట. నాకు ఆ గది తప్ప ఇల్లు లేదమ్మా. అందుకే అడుగుతున్నాను. మీరు రాలేదు కదా?"

"నేను... రాలేదక్కా. ఒంట్లో బాగాలేక. కానీ గడియారంగారు వచ్చారుగా, ఆయన్నడిగితే..."

"ఆయన ఎక్కడొచ్చారు? ఎవరూ రాలేదమ్మా. ఒక్కరు కూడా రాలేదు. మూడున్నరకు నీళ్ళు లోపలికొస్తే లేచాను. ఎనిమిదిదాకా ఒక్కదాన్నే కట్టలు మోసి మెట్ల మీద పెట్టాను. వీధి తలుపు గడియ తీసే తీరికే లేదు నాకు. ఆరింటికి మీరెవరైనా వచ్చి తలుపు తడతారేమో, రెండు కట్టలు అందుకోమందామని చెవులు రిక్కించి విన్నాను. సెక్రటరీ బాబుకు మూడుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. ఇంక కుర్చీ అంటారా, అది కూడా లోపలే ఉంది. దాని మీదికెక్కే కింది కట్టలు పై అరల్లోకి ఎక్కించాను."

ఆమె అరిచి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. మామూలుగా చెప్పింది, ఏ అరలో ఏమున్నాయో అప్పగించినట్టు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అప్పటికి అర్థమైంది నాకు. గడియారం గురువారం పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, ఖాళీ పేజీ చూసి, మొదటి దొంగ సంతకం తనే పెట్టాడు. నేను పెట్టేటప్పుడు కిటికీ వైపు తిరిగింది పెద్దమనసుతో కాదు. నా పేజీ గోడకెక్కించింది బాగుందని కూడా కాదు. తను వచ్చినట్టు దానికంటే మంచి సాక్ష్యం ఆయనకు ఎక్కడ దొరుకుతుంది? ఛీ, నేనెంత మురిసిపోయాను!

"ఆదివారం నేనొచ్చి నిజం చెప్తాను అక్కా" అన్నాను.

"చెప్పండమ్మా. మీరు చెబితే వింటారు. చదువుకున్నవాళ్ళు" అంది.

శనివారం సాయంత్రం గడియారం ఇంటికి వెళ్ళాను. గోడ నిండా క్యాలెండర్లు, పాతవి కూడా తియ్యలేదు, ప్రతి తేదీ మీదా ఎర్ర టిక్కు. ఆయన భార్య కుర్చీ చూపించి లోపలికి వెళ్ళిపోయింది. నేను చుట్టూ తిప్పకుండా అడిగేశాను. ఆయన కాదనలేదు. ఆ బుధవారం టిక్కు వైపు చూశాడు.

"మోకాళ్ళమ్మా" అన్నాడు. "ఆ వానకు బిగుసుకుపోయాయి. మంచం దిగలేకపోయాను. ఒక్క రోజు. వెయ్యిన్నూట నలభైలో ఒకే ఒక్క రోజు."

"దానికేముందండీ, తెగితే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. రేపొచ్చి రాలేదని చెప్పండి చాలు."

"నాకు నవల రాదు" అన్నాడు. ఆ మాట అంత సూటిగా అంటాడనుకోలేదు. "ఆ సంగతి నాకు తెలుసు. నీకూ తెలుసు. నాకున్నది ఆ గొలుసొక్కటే. ఆమె పనికేం, ఎక్కడైనా దొరుకుతుంది. కాపలావాళ్ళు కావాలని ప్రతి వీధిలో బోర్డులున్నాయి. తెగిన గొలుసు మాత్రం అతుకుతుందా?"

ఒక్క క్షణం జాలేసింది. చివరి ముక్క వినగానే ఆ జాలి ఇగిరిపోయింది. ముప్పయ్యేళ్ళు కూలీల రెండేసి నిమిషాలు పట్టుకున్న మనిషి, తన రోజు దగ్గరికొచ్చేసరికి ఇంకొకరి నెత్తిన పడేస్తున్నాడు. "అతకదండీ. మీకేం, మాకేం, ఒక ఆడమనిషి గది పోతే మనకు గడి నిండుతుంది" అని లేచి వచ్చేశాను. వాకిట్లో ఆయన భార్య నా చెప్పులు తిప్పి పెట్టి నిలబడి ఉంది.

ఆదివారం పదింటికి పై గదిలోనే మీటింగ్. మేము రోజూ రాసుకునే బల్ల వెనక సెక్రటరీ, ఆయనకు అటూ ఇటూ కమిటీ పెద్దలు నలుగురు. మేము అయిదుగురం గోడవార. తాళాలక్క గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. కుర్చీలు మాత్రం పొద్దున్న ఆమే వేసింది.

సెక్రటరీ నా కాగితం మొత్తం పైకి చదివాడు. గొంతు బాగుంది ఆయనది. చదవడం అయ్యీ కాకముందే నేను లేచాను.

"అదంతా నేను అల్లిందండీ. ఆ రోజు నేను రాలేదు. మర్నాడొచ్చి తేదీ వేసి రాశాను. కుర్చీ ఖాళీ అన్నది కూడా కల్పనే. నాది తప్పు. ఆమె ఆ పొద్దంతా కింద కట్టలు మోస్తూనే ఉంది."

హమ్మయ్య, చెప్పేశాను అనుకున్నాను. సెక్రటరీ కళ్ళజోడు తీసి నావైపు చూసి నవ్వాడు.

"మీరు రాలేదా?"

"రాలేదండీ."

"చూడకుండానే ఇలా రాశారా?" కాగితం మళ్ళీ ఎత్తాడు. "నా గొడుగు నీళ్ళు మెట్టు మెట్టుకీ కారుతున్నాయి. ఎంత బాగా చెప్పారమ్మా! కళ్ళకు కట్టినట్టుంది. చదువుతుంటే నాకు చలేసింది. చూడనివాళ్ళు ఇలా రాయగలరా? ఇది కల్పనంటే నేను నమ్మను. మీది మెత్తటి మనసు. ఆమె మీద జాలిపడి ఇప్పుడు అబద్ధమాడుతున్నారు."

కమిటీ పెద్దలు తలలూపారు. "అవునవును, అనుభవం లేనిదే అలా రాదు" అన్నాడొకాయన.

ఇరవయ్యేళ్ళుగా రాస్తూ మానేస్తూ ఉన్నాను. నా రాత గురించి ఎవరూ ఎప్పుడూ అంత మాట అనలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. లోపల ఎక్కడో పువ్వు పూసినట్టయింది. గుమ్మం దగ్గర ఆమె నా మొహంలోకే చూస్తోంది. ఆ సంతోషం ఆమెకు కనబడే ఉంటుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

"బాగా రాయడం, నిజం చెప్పడం రెండూ ఒకటేనా అండీ?" అని అరిచాను. "నమ్మకపోతే వీళ్ళనడగండి. వీళ్ళెవరూ రాలేదు!"

సెక్రటరీ అడిగాడు. డ్రిల్లు మాస్టారు లేచి, పిల్లలు లైన్లో నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, "రిజిస్టర్లో సంతకం ఉందిగా అండీ" అన్నాడు. వచ్చానని అనలేదు, రాలేదని అనలేదు. మహా తెలివి. డ్రైవింగాయన "నాకంత గుర్తులేదు" అన్నాడు. పది రోజుల కిందటి వాన గుర్తులేదట! డాక్టరమ్మ బ్యాగులో ఏదో వెతుక్కుంటూ ఉండిపోయింది. రోజూ ఇంకొకళ్ళ నోళ్ళు బార్లా తెరిపించే మనిషికి తన నోరు తెరవడం చేతకాలేదు.

చివరికి గడియారం లేచాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. నేనింకా ఆశ పడ్డాను. ముసలాయన, రాత్రంతా ఆలోచించుకుని ఉంటాడు అనుకున్నాను.

"నేను అయిదూ యాభై ఎనిమిదికి వచ్చాను" అన్నాడు. "తలుపు తీసి ఉంది. కుర్చీ ఖాళీ."

గొంతు వణకలేదు.

తాళాలక్క అప్పుడు మాట్లాడింది. "నేనున్నాను బాబూ. మీకు మూడుసార్లు ఫోను కూడా చేశాను."

"మంచం మీద పడుకుని కూడా ఫోను చెయ్యొచ్చు" అన్నాడు సెక్రటరీ. "నువ్వు పని చేస్తూ ఉన్నట్టు రాతపూర్వకంగా ఏమన్నా ఉందా? ఇక్కడ చూడు, అయిదు సంతకాలు, టైములతో సహా. అన్నీ చదువుకున్నవాళ్ళవి. నీ దగ్గరేముంది?"

ఆమె అరచేతులు చూసుకుంది. జవాబు చెప్పడానికి కాదు, ఊరికే చూసుకుంది. తొమ్మిదేళ్ళు రోజూ రెండు తలుపులు తీసిన మనిషికి పెట్టుకోవడానికి ఒక్క గడి కూడా ఎవరూ గీయలేదు. సాయంత్రంలోగా తాళాలు ఇచ్చేసి మర్నాడు పొద్దున్న గది ఖాళీ చెయ్యమన్నారు. టీలొచ్చాయి. కాలవ పూడిక తీయించాలని తీర్మానం కూడా చేశారు.

సోమవారం అలవాటు కొద్దీ అయిదింటికి మెలకువొచ్చింది. మా ఆయన్ని లేపాను. "ఏమైందే?" అంటే, "లే, సామాను మొయ్యాలి" అన్నాను. చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఊరవతల ఆమె చెల్లెలి ఇల్లుంది, ప్రస్తుతానికి అక్కడికి. మేము వెళ్ళేసరికి చిన్న ట్రాలీ బండి వచ్చి ఉంది. సెక్రటరీ రాత్రే వీధి తలుపుకు తాళం వేసుకుపోతే, సామాను అరుగు మీద పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుందట. సామానంటే ఏముంది, ఒక పెట్టె, ఒక మంచం, పొయ్యి, గిన్నెలు నాలుగు, దుప్పట్ల మూట. మా ఆయన మంచం ఎత్తాడు. నేను పెట్టెకు ఒక వైపు పట్టుకున్నాను, రెండో వైపు ఆమె పట్టుకుంది.

"క్షమించక్కా" అన్నాను.

"అటు పట్టుకోండమ్మా, జారుతోంది" అంది ఆమె.

పెట్టె బండిలోకి ఎక్కిస్తుండగా వీధి చివర నుంచి వాళ్ళొచ్చారు. నలుగురూ. చంకల్లో నోటుపుస్తకాలు. నన్ను చూసి డాక్టరమ్మ చెప్పుల వైపు చూసుకుంది. గడియారం నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళాడు. తలుపుకు తాళం వేలాడుతోంది. లాగి చూశాడు. వాచీ చూసుకున్నాడు. సెక్రటరీకి ఫోను చేశాడు, ఎత్తలేదు. తొమ్మిదింటికి గానీ నిద్ర లేవడని ఊరంతా తెలుసు. డ్రిల్లు మాస్టారు కిటికీ ఊచలు లాగి చూశాడు. గడియారానికి చెమటలు పట్టాయి. మళ్ళీ వాచీ చూసుకున్నాడు.

ఆయన ఎంతకి తెగిస్తాడో నేను ఊహించలేకపోయాను, రచయితనై ఉండి కూడా. గబగబా బండి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నీ దగ్గర ఇంకో తాళం చెవి ఏదన్నా ఉందా? వెళ్తూ వెళ్తూ కాస్త తలుపు తీసి వెళ్ళమ్మా. ఆరవుతోంది."

తాళాలక్క దుప్పట్ల మూట ఒళ్ళో పెట్టుకుని బండిలో సర్దుకుని కూర్చుంది. ఆయన్ని ఎగాదిగా చూసింది. తొమ్మిదేళ్ళలో ఆయన వస్తే ఆమె లేచి నిలబడకుండా కూర్చోవడం అదే మొదటిసారి.

"తాళాలు నిన్ననే ఇచ్చేశాను బాబూ" అంది. "అయినా మీకు నాతో పనేముంది? ఆ బుధవారం నేను లేకుండానే లోపలికెళ్ళి కూర్చున్నారుగా. ఇవాళ కూడా అలాగే వెళ్ళండి."